పాడలేదు, వింది

(అమ్మ సంవత్సరీకం తర్వాత తిరుపతిలో ఇంటివాళ్ళం, స్నేహితులం కలిసి పెట్టుకున్న చిన్న కచేరీకి ముందు మాట్లాడిన మాటలు)

అందరికీ నమస్కారం. వెనకాల వినిపిస్తోందా? ఆ ఫ్యాన్ కొంచెం తగ్గించు నాయనా, చప్పుడెక్కువుంది.

పొద్దున్నుంచి ఇక్కడికొచ్చిన వాళ్ళలో చాలామంది నా చెయ్యి పట్టుకుని ఒకే మాట అన్నారు. "మీ అమ్మకి ఆ రోజుల్లో ఛాన్స్ వచ్చుంటే ఎక్కడో ఉండేదమ్మా, పెద్ద సింగర్ అయ్యుండేది" అని. ప్రేమతోనే అన్నారు, నాకు తెలుసు. కానీ అమ్మ బతికుండగా కూడా ఈ మాట అనేవాళ్ళు, అన్నప్పుడల్లా ఆమెకి ఒళ్ళు మండేది. "నేనెప్పుడు పాడతానన్నాను? పాడేవాళ్ళు ఊరి నిండా ఉండారు, వినేవాళ్ళేరీ?" అనేది. కాబట్టి మా అమ్మని పాపం పాడలేకపోయిన మనిషిగా ఎవరూ గుర్తుపెట్టుకోకండి. ఆమె వినే మనిషి. వినడమే పనిగా పెట్టుకుని, అందులో బాగా ఆరితేరిన మనిషి. ఈరోజు నేను చెప్పేదంతా దాని గురించే.

అమ్మ పుట్టింది కార్వేటినగరం దగ్గర పల్లెలో. సంగీతం తెలిసినవాళ్ళకి ఆ ఊరి పేరు చెప్పగానే సారంగపాణి గుర్తొస్తాడు, సంతకంలాగా వేణుగోపాల అనే ముద్ర పెట్టి పదాలనే పాటలు రాసినాయన, ఆ సంస్థానంలోనే ఉన్నాడు, వీధిలో ఆడవాళ్ళు ఒకరినొకరు దెప్పుకునే భాష తెచ్చి పదంలో పెట్టి రాజుగారి ముందు పాడించిన ఘనుడు. వర్ణాలు కట్టిన గోవింద సామయ్యదీ ఆ ఊరే. అయితే నిజం చెప్పాలంటే చిన్నప్పుడు అమ్మకి వీళ్ళెవరూ తెలియదు. ఆమెకి తెలిసిందల్లా భారతం. మన జిల్లావాళ్ళకి చెప్పక్కర్లేదు గానీ, పిల్లలూ, హైదరాబాదు నుంచి వచ్చిన అల్లుళ్ళూ ఉన్నారు కాబట్టి చెప్తున్నా. ద్రౌపదమ్మ గుడి ఉన్న ఊళ్ళలో ఎండాకాలం భారతం జరుగుతుంది, చాలాచోట్ల పద్దెనిమిది రోజులు. మధ్యాహ్నం హరికథ, రాత్రి తెల్లవార్లూ వీధినాటకం, మధ్యలో ఒకరోజు అర్జునుడు తపస్సు మాను ఎక్కుతాడు, చివర్లో దుర్యోధనుడి వధ, అగ్నిగుండం. అమ్మ మధ్యాహ్నం హరికథకి పోయి ముందు వరసలో కూర్చునేదట. కథ ఆమెకి ముందే తెలుసు, అందరికీ తెలుసు. ఆమె కనిపెట్టింది వేరే సంగతి. హరిదాసు జనాన్ని ఏడిపించే ముందు ప్రతిసారీ గొంతు ఒక తీరుగా మారుస్తాడు, ఇంకా ఏడుపు మాట రాలేదు, అయినా పక్కనున్న ముసలమ్మలు కొంగు తీసి రెడీగా పెట్టుకుంటారు. మాటకంటే ముందు వచ్చి మనిషిని పట్టుకునేది ఏంటిది అని పదేళ్ళ పిల్లకి అనుమానం. అది ముఖారి అనే రాగం అని పెళ్ళయి తిరుపతికి వచ్చాక తెలిసింది.

తిరుపతిలో మా ఇల్లు గోవిందరాజస్వామి గుడి వెనకాల వీధుల్లో, ఒక పోర్షన్. గుడిలో మేళం మోగితే వంటింట్లోకి వినిపిస్తుంది. కొత్త కోడలు, ఊళ్ళో ఎవరూ తెలియదు, నాదస్వరం ఒక్కటే తెలిసిన గొంతులాగా ఉండేదట. కొన్నాళ్ళు విని విని, ఒకరోజు ఆ నాదస్వరం వాయించే పెద్దాయన వీధిలో పోతుంటే గుమ్మంలోకి పోయి "పొద్దున మీరు వాయించింది ఏం రాగమండీ?" అని అడిగేసింది. ఆయన "భూపాళం తల్లీ" అన్నాడు. మర్నాడు మళ్ళీ అడిగింది. ఆ తర్వాత ఆయనే గుమ్మం ముందు ఒక్క క్షణం ఆగి, అడక్కముందే "బిలహరి" అనో "ధన్యాసి" అనో చెప్పి పోయేవాడు. ఇదంతా మా నాయనమ్మ చూస్తూనే ఉంది. పరాయి మగవాడితో గుమ్మంలో ఏం మాటలని గొడవైంది. గొడవ గొడవే, బిలహరి బిలహరే.

నాయనమ్మ సంగతి వచ్చింది కాబట్టి అది కూడా చెప్పేస్తాను, దాచిపెట్టి ఊరికే పొగిడితే అమ్మకే నచ్చదు. అమ్మ సాయంత్రం కచేరీకి పోవాలంటే రాత్రి వంట మధ్యాహ్నమే అయిపోవాలి, మర్నాటికి పిండి రుబ్బేసి ఉండాలి, మేము హోంవర్కు చేసుండాలి, ఇవన్నీ అయ్యాక కూడా చెప్పులు వేసుకునేటప్పుడు "ఏం పాటలో ఏమో" అని ఒక మాట పడాలి. అమ్మ పడేది. పడి, వెళ్ళేది. మా అత్తలు ఇక్కడే ఉన్నారు, కాదంటే చేతులెత్తండి. (నవ్వులు)

నేర్చుకోలేదా అంటే నేర్చుకుంది. తిరుపతిలో ఎస్.వి. సంగీత కళాశాల 1959లోనే మొదలైంది, అక్కడ చదువుకున్న ఒకావిడ మా వీధిలోనే ఉండేది, ఆవిడ దగ్గర మొదటి పాఠాలు, అంటే మాయామాళవగౌళ రాగంలో సరళి, జంట స్వరాలు, మలహరి రాగంలో గీతాలు, ఆ తర్వాత స్వరజతులు, కొన్ని వర్ణాలు. అక్కడ ఆపేసింది. ఎవరూ ఆపలేదు, తనే ఆపేసింది. టీచరమ్మ ఇంటికొచ్చి మరీ అడిగిందట, ఇంకొంచెం కష్టపడితే కీర్తనలకి వస్తావు కదా అని. అమ్మ అన్నది, "పాడాలని కాదక్కా, వాళ్ళు పైన కూర్చుని ఏం చేస్తా ఉండారో కింద కూర్చున్నప్పుడు తెలియాలని వచ్చినా. ఇంగ చాలు." పాడేవాళ్ళు దీన్ని బద్ధకం అంటారు. నేను అననుగాక అనను. ఆది తాళం ఎనిమిది అక్షరాలు చీర కొంగు కింద తొడ మీద వేస్తూ, మధ్యలో మాకు జంతికలు పంచుతూ, రెండున్నర గంటల కచేరీలో ఎక్కడా తాళం తప్పకుండా కూర్చోవడం ఎంత కష్టమో మీరొకసారి ప్రయత్నించి చూడండి.

మా నాయన రైల్వేలో గుమాస్తా. ఆయనకి సంగీతం రాదు, ఇంటరెస్టూ లేదు, కానీ రైల్వే పాసు ఉంది! అమ్మ ఆ పాసుని వాడుకున్నంత బాగా దక్షిణ రైల్వేలో ఇంకెవరూ వాడుకుని ఉండరు. డిసెంబరు వస్తే మద్రాసు, కచేరీల సీజను కదా. ట్రిప్లికేన్‌లో మా పెదనాన్న వాళ్ళింట్లో దిగడం, సాయంత్రం పెద్ద కచేరీల టిక్కెట్లు మనకి అందవు కాబట్టి పొద్దున మ్యూజిక్ అకాడమీలో జరిగే ఉపన్యాసాలకి పోయి కూర్చోవడం, వాటికి టిక్కెట్టు లేదు. విద్వాంసులు వచ్చి ఒక రాగాన్నో ఒక తాళాన్నో తీసుకుని విడమరిచి, పాడి చూపిస్తారు. సగం తమిళం, సగం ఇంగ్లీషు. తమిళం అమ్మకి వచ్చు, నగరి పక్కవాళ్ళు కదా. ఇంగ్లీషు వచ్చినప్పుడు పాట కోసం ఎదురుచూసేది. నాయన పక్క కుర్చీలో నిద్రపోయేవాడు. గురకపెడితే అమ్మ మోచేత్తో పొడిచేది, కానీ ఒకసారి మాత్రం పొడవకుండా వదిలేసిందట, ఎందుకంటే గురక తంబూరాతో కలిసిందట. ఇది నాయన చెప్పిన కథ, కొంచెం తగ్గించుకుని నమ్మండి.

రేడియో గురించి చెప్పాలి. కడప స్టేషన్, మద్రాసు స్టేషన్ రెండూ మాకు పట్టేవి. పుష్య బహుళ పంచమి రోజు తిరువయ్యారు నుంచి త్యాగరాజ ఆరాధన ప్రత్యక్ష ప్రసారం వచ్చేది, అందరూ కలిసి పంచరత్నాలు, అంటే త్యాగరాజు ఐదు పెద్ద కీర్తనలు పాడతారు కదా, నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ రాగాల్లో. ఆ రోజు మా ఇంట్లో ఆ టైముకి ప్రెషర్ కుక్కర్ పెట్టకూడదు. విజిల్ వస్తుందని! అన్నం ముందే వండేసి గంప కింద మూసిపెట్టేది. వరాళి దగ్గర ఇంకో తమాషా. గురువు శిష్యుడికి వరాళి నేర్పితే ఇద్దరికీ చెడుతుందని సంగీతం వాళ్ళలో ఒక నమ్మకం ఉంది, మా టీచరమ్మ కూడా నేర్పనంది. అమ్మ రేడియోలో విని పట్టుకుంది. "రేడియోకి, నాకు తగాదా వచ్చేదేముంది?" అని.

ఈ ఊరికి ఆమె ఋణపడిందని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది. డబ్బున్నా లేకపోయినా సంగీతం వినగలిగే ఊళ్ళు ఎక్కువ లేవు. త్యాగరాజ మండపం, అన్నమాచార్య కళామందిరం, తర్వాత మహతి, సంవత్సరం పొడవునా ఏదో ఒకటి జరుగుతూనే ఉంటుంది, చాలావరకు ఊరికే పోయి కూర్చోవచ్చు. అమ్మకి ఒక పుస్తకం ఉండేది. ఇదిగో, తెచ్చాను. ముందునుంచి చూస్తే పాల లెక్క, చాకలి లెక్క. వెనకనుంచి చూస్తే కచేరీల లెక్క. పేర్లు చదవను, ఆ విద్వాంసుల్లో కొందరి పిల్లలు ఇదే ఊళ్ళో ఉన్నారు. ఊరికే రెండు మూడు వాక్యాలు వినండి. "కాంభోజి, ముప్పావుగంట. పది నిమిషాలు తగ్గించినా నష్టం లేదు." "తోడి. ఏడుపొచ్చింది. ఎందుకో తెలీదు." "గొంతు బాగలేదు, జలుబు. అయినా శహాన బాగా పాడినాడు, గొంతు బాగున్నోళ్ళు కూడా ఇట్ల పాడరు." ఇంకోచోట, "మృదంగం పిల్లోడు పైకొస్తాడు" అని ఉంది. వచ్చాడు కూడా. ఎవరో చెప్పను.

అన్నమయ్య పాటైతే పక్కన ఇంకో గడి గీసి "వరుస" అని రాసేది. అంటే బాణీ కట్టింది ఎవరు అని. ఇది ఆమె పట్టుదల. అన్నమయ్య 1408లో పుట్టి 1503లో పోయాడు, ఆయన పాటలు రాగిరేకుల మీద చెక్కించి కొండ మీద గుడిలోనే అరలో పెట్టారు, అవి మళ్ళీ వెలుగులోకి వచ్చింది 1922లో. ఆ రేకుల్లో పాటపైన రాగం పేరు ఉంటుంది, అంతే. స్వరాలు లేవు. ఆయన ఎలా పాడాడో మనకి తెలిసే దారి లేదు. ఈరోజు మనం వినే బాణీలన్నీ మన కాలంవాళ్ళు కట్టినవే, రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు, నేదునూరి కృష్ణమూర్తిగారు, గరిమెళ్ళ బాలకృష్ణప్రసాద్‌గారు, ఇంకా ఎందరో. మా వీధిలో భజన బృందం వాళ్ళు "అన్నమయ్య ఈ రాగంలోనే పాడాడు" అంటే అమ్మ ఊరుకునేది కాదు. "పాట ఆయనది. వరుస కట్టినాయన పేరు కూడా చెప్పండి, పోయేదేముంది?" భజనలో పదిమంది ముందు అంటుంది, వాళ్ళకి కోపమొచ్చేది. నాకు చిన్నప్పుడు సిగ్గుగా ఉండేది. ఇప్పుడు ఏ కార్యక్రమంలోనైనా బాణీ కట్టినవాళ్ళ పేరు చెప్పకుండా వదిలేస్తే నేనే లేచి అడుగుతున్నాను, మా ఆయన తల పట్టుకుంటున్నాడు.

2025 మార్చి 9న బాలకృష్ణప్రసాద్‌గారు ఇదే ఊళ్ళో పోయారు. అమ్మకి అప్పటికే లేచి తిరగడం తగ్గిపోయింది. పుస్తకం తెప్పించుకుని, "వరుస" గడిలో ఆయన పేరు ఉన్న చోటల్లా పెన్సిల్‌తో చిన్న గుర్తు పెట్టుకుంటూ కూర్చుంది మధ్యాహ్నమంతా. చాలా గుర్తులే పడ్డాయి. తను పోయింది ఆ తర్వాత కొన్ని నెలలకి.

భక్తి లేదా అంటే, ఉంది, కానీ దానికీ ఒక క్రమం. ఎం.ఎస్. సుబ్బులక్ష్మిగారి సుప్రభాతం రికార్డు 1963లో వచ్చింది, మా ఇంట్లో క్యాసెట్టుగా చేరింది, పొద్దున అది మోగితేనే మేము లేచేది. ధనుర్మాసం వస్తే క్యాసెట్టు బీరువాలోకి పోయేది. కొండ మీద ఆ నెల సుప్రభాతం ఉండదు, తిరుప్పావై చదువుతారు. "కొండ మీద లేంది మనింట్లో ఎందుకు?" అని రోజుకొక పాశురం, ముప్పై రోజులు. సాయంత్రం హారతికి మాత్రం నోరు విప్పి పాడేది, తరిగొండ వెంగమాంబ పాటలు. రాత్రి ఏకాంతసేవలో వెంగమాంబ పేరున ముత్యాల హారతి ఇప్పటికీ ఇస్తున్నారు. 1817లో పోయినామె, ఆ కాలంలో భర్త పోయిన ఆడమనిషి, ఊరి మాటలన్నీ పడి, అయినా రాసుకుంటూ పోయింది. అమ్మ ఆమె గురించి ఎక్కువ మాట్లాడేది కాదు. హారతి పాడుతున్నప్పుడు మాత్రం ఎవరు పిలిచినా పలికేది కాదు, నాయనమ్మ పిలిచినా సరే.

ఆ హారతులు ఎవరమూ రికార్డు చెయ్యలేదు. అమ్మ గొంతు మా దగ్గర ఉన్నది వేరేచోట. మా మామయ్య గల్ఫ్ నుంచి తెచ్చిన పానాసోనిక్ టేప్ రికార్డర్‌తో, నిర్వాహకుల్ని అడిగి కొన్ని కచేరీలు రికార్డు చేసుకునేది, యంత్రం ఒళ్ళోనే పెట్టుకునేది కాబట్టి పాటకంటే ఆమె దగ్గరగా పడింది. మొన్న మా తమ్ముడు ఆ క్యాసెట్లు కంప్యూటర్‌లోకి ఎక్కించాడు. రాగం ఒక మలుపు తిరిగినచోట లోపల్నుంచి "హా" అని. వయొలిన్ కొంచెం జారినచోట "ప్చ్". ఒకచోట చాలాసేపు ఏమీ లేదు, తర్వాత నాయనతో "చూసినావా?" అని, నాయన "ఆఁ ఆఁ" అని, నిద్ర గొంతుతో. ఈ ముక్కలన్నీ కోసి వరసగా అతికిద్దామన్నాడు తమ్ముడు. వద్దన్నాను. పాటలోంచి తీసేస్తే ఆ "ప్చ్" ఎందుకన్నదో ఎవరికి తెలుస్తుంది?

ఇక చెవుల సంగతి. డెబ్బై దాటాక వినికిడి తగ్గింది. వయసుతో వచ్చే చెవుడులో ముందు పోయేవి పై స్థాయి శబ్దాలట, మాటల్లో స, త, క లాంటి హల్లులు ఆ పైనే ఉంటాయి, అచ్చులు కింద ఉంటాయి. అందుకే ముసలివాళ్ళు "వినిపిస్తోంది గానీ అర్థం కావట్లేదు" అంటారు. మేము చెవి మిషన్ పెట్టించాం. పెట్టినతను మంచి పిల్లవాడే, "అవ్వా, నా మాటలు వినిపిస్తున్నాయా?" అని గట్టిగా అడిగాడు. అమ్మ, "నీ మాటలు వినిపిస్తా ఉండాయి నాయనా, ఇంటికాడ తంబూరా ఎందుకు వణకతా ఉంది?" అంది. అతనికి అర్థం కాలేదు, మాకూ కాలేదు. తర్వాత తెలిసింది, ఈ మిషన్లు మాట కోసం తయారుచేసినవి. ఒకే స్వరం ఆగకుండా మోగుతుంటే అది తన ఈల శబ్దమే అనుకుని మిషన్ దాన్ని నొక్కేయడానికి చూస్తుంది, తంబూరా, వేణువు లాంటివాటికి ఈ బాధ ఉంటుంది. పెద్ద శబ్దాల్ని తగ్గించి చిన్నవాటిని పెంచి అంతా ఒకే మట్టానికి తెస్తుంది కాబట్టి పాటలో ఎత్తూ పల్లమూ పోతుంది. అడిగితే సంగీతం కోసం వేరే సెట్టింగ్ పెట్టిస్తారు. ఇంట్లో పాట వినే పెద్దవాళ్ళు ఉంటే దయచేసి అడగండి, వాళ్ళంతట వాళ్ళు చెప్పరు. మాకు అది తెలిసేసరికి చాలా నెలలు అమ్మ మిషన్ తీసి పక్కనపెట్టి, ఎస్వీబీసీ ఛానల్లో నాదనీరాజనం అనే పాటల కార్యక్రమం చూస్తూ, పాడేవాళ్ళ చేతులనిబట్టి రాగం ఊహించుకుంటూ కూర్చుంది. మేమేమో అవ్వ టీవీ చూస్తోంది, హ్యాపీగా ఉంది అనుకున్నాం.

సెట్టింగ్ మార్చాక కొంత తిరిగొచ్చింది, అంతా రాలేదు. సాహిత్యం బాగా పోయింది. మా అబ్బాయి పక్కన కూర్చుని పల్లవి కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసిచ్చేవాడు. ఆమె అది చదివి, వాడు రాసిన రాగం పేరు కొట్టేసి సరైనది రాసిచ్చేది. కానీ కింది స్థాయి మాత్రం చివరిదాకా నిలబడింది. అంటే మృదంగం. మృదంగం ఎడమవైపు మోత ఆమెకి మిషన్ లేకుండానే తెలిసేది.

మా అమ్మాయి మృదంగం నేర్చుకుంటానన్నప్పుడు, ఆడపిల్లకి మృదంగమేంటి, వీణ పెట్టించండి అని అన్నవాళ్ళు ఈ హాల్లో కూడా ఉన్నారు, నేను చూడటం లేదు. అవ్వ ఒక్కతే "దాని చేతులు చూడండి" అంది. తొమ్మిదో ఏట మొదలుపెట్టింది అది. రోజూ సాయంత్రం అవ్వ మంచం పక్కన సాధన. అవ్వ పడుకునే తాళం వేసేది, పిల్ల తప్పితే చెయ్యి ఆపేసేది. తిట్టేది కాదు, చెయ్యి గాల్లో ఆపి ఉంచేది, మళ్ళీ సమం మీదికి, అంటే తాళం మొదటి దెబ్బ మీదికి వచ్చేదాకా దించేది కాదు. "అవ్వ చెయ్యి నొప్పెడుతుంది తొందరగా సరిచెయ్యవే" అని నేను వంటింట్లోంచి అరిచేదాన్ని.

అమ్మకి కచేరీల్లో ఒక్క విషయం అసలు గిట్టేది కాదు. తని ఆవర్తనం, అంటే పాట ఆపి మృదంగం ఒక్కటే వాయించే భాగం మొదలవగానే జనం లేచి క్యాంటీన్‌కి పోవడం. గంటన్నర పాటు పాటకి భుజం కాసినవాడికి పదిహేను నిమిషాలు వస్తే, సరిగ్గా అప్పుడే మనకి కాఫీ గుర్తొస్తుంది. అమ్మ గుమ్మం దగ్గర కూర్చుని ఉంటే లేచేవాళ్ళ కొంగు పట్టుకుని కూర్చోబెట్టిన రోజులున్నాయి, తెలియనివాళ్ళని కూడా.

ఈరోజు పాట పాడేది మా టీచరమ్మ మనవరాలు. మృదంగం మా అమ్మాయి. ప్రధాన రాగం శహాన పెట్టుకున్నారు, తర్వాత తని ఉంటుంది. కాఫీ, ఉప్మా వెనక రెడీగా ఉన్నాయి, వంటాయనకి చెప్పిపెట్టాను, తని అయ్యేదాకా ఫ్లాస్కు మూత తియ్యొద్దని. ఎవరైనా లేస్తే గుమ్మం దగ్గర మా అత్త కూర్చుని ఉంది.

సరే, పిల్లలూ, శ్రుతి సరిచూసుకోండి. ఆ ఫ్యాన్ పూర్తిగా ఆపేయండి.